ఆ తొమ్మిది గంటలూ, ఎవరికీ పట్టని పన్నెండు వారాలూ

1861 ఏప్రిల్ 21, ఆదివారం. ఆస్ట్రేలియా నడిభాగంలో కూపర్స్ క్రీక్ అనే వాగు ఒడ్డున ఉన్న విడిదికి పొద్దుగుంకాక ముగ్గురు మనుషులు రెండు ఒంటెలతో చేరుకున్నారు. నాలుగు నెలల కిందట ఇక్కడినుంచే ఉత్తర సముద్రం వైపు బయల్దేరినప్పుడు మనుషులు నలుగురు, ఒంటెలు ఆరు, గుర్రం ఒకటి. నాలుగో మనిషి చార్లీ గ్రే నాలుగు రోజుల ముందే దారిలో చనిపోయాడు. అతనికి గొయ్యి తవ్వే ఓపిక కూడా మిగతావాళ్లకు సరిగా లేదు, ఒక రోజు పట్టింది. ముందు నడుస్తున్న దండు నాయకుడు రాబర్ట్ బర్క్ "అవిగో గుడారాలు" అని పదేపదే అన్నాడట. గుడారాలు లేవు. ఒక కూలిబా చెట్టుకు బెరడు చెక్కి, తవ్వి చూడమని రాసిన అక్షరాలు మాత్రం ఉన్నాయి. తవ్వితే కొంత తిండి, సీసాలో ఒక చీటీ దొరికాయి. విడిదికి కాపలా ఉన్న విలియం బ్రాహె, అతని మనుషులు నాలుగు నెలల అయిదు రోజులు ఎదురుచూసి ఆ ఉదయమే వెళ్లిపోయారు. తేడా తొమ్మిది గంటలు.

కథ చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నూటఅరవై ఏళ్లుగా ఈ యాత్రను ఎవరు చెప్పినా ఈ ఘట్టం చుట్టూనే తిరుగుతున్నారు. 1907లో జాన్ లాంగ్‌స్టాఫ్ దీన్నే పెద్ద తైలవర్ణచిత్రంగా వేశాడు. పిల్లల పాఠాల్లోకి ఎక్కింది ఇదే. ఆస్ట్రేలియా గురించి పెద్దగా తెలియనివాళ్లకూ బర్క్, విల్స్ పేర్లు తెలిశాయంటే ఈ తొమ్మిది గంటల పుణ్యమే. విఫలమైన వలస యాత్రల చరిత్రను కథగా రాయాలనుకునేవాళ్లకు అసలు ఉచ్చు కూడా ఇక్కడే ఉంది. ఈ కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఏదో, జరిగినదానికి అన్నిటికన్నా బలహీనమైన కారణం అదే. తొమ్మిది గంటలు అనగానే నేరం విధి మీదికి పోతుంది. విధి మీదికి పోయిన నేరాన్ని ఆ తర్వాత ఎవరూ విచారించరు.

యాత్ర ఎందుకు మొదలైందో చూస్తే విధికి అందులో పెద్దగా పని కనిపించదు. 1850ల బంగారంతో విక్టోరియా వలస రాజ్యం డబ్బు చేసింది. పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియా, ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటినవాళ్లకు 2,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది; జాన్ మెక్‌డూఆల్ స్టూవర్ట్ అప్పటికే ఆ పని మీద తిరుగుతున్నాడు. ఉత్తర తీరం నుంచి తంతి తీగ వేస్తే లండన్ వార్తలు నెలల్లో కాకుండా గంటల్లో అందుతాయి. ఆ తీగ ఎవరి నేల మీదుగా పోతుందన్నది వ్యాపారం, పరువు కలిసిన ప్రశ్న. మెల్‌బోర్న్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ విక్టోరియా ఒక కమిటీ వేసి, చందాలు పోగుచేసి, నాయకుడిగా బర్క్‌ను ఎంచుకుంది. అతను ఐర్లండ్‌లో పుట్టి, ఆస్ట్రియా సైన్యంలో పనిచేసి, విక్టోరియాలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్నాడు. ఎడారి యాత్రల అనుభవం సున్నా.

1860 ఆగస్టు 20న మెల్‌బోర్న్ రాయల్ పార్కు నుంచి 19 మంది, 26 ఒంటెలు, 23 గుర్రాలు, ఆరు బండ్లు బయల్దేరాయి. దాదాపు 20 టన్నుల సామాను. చూడటానికి పదిహేను వేల మంది వచ్చారని అంచనా. ఆ సామానులో ఓక్ చెక్క బల్ల, కుర్చీలు, ఆకాశంలోకి వదిలే రాకెట్లు, ఒక చైనా జేగంట ఉన్నాయి. ఒంటెలకు బలం వస్తుందని పీపాలకొద్దీ రమ్ కూడా వెంట తీసుకెళ్లారు. ఈ జాబితా కనిపిస్తే వదిలిపెట్టే రచయిత అరుదు. ఎడారిలోకి భోజనాల బల్ల మోసుకుపోయిన దొరలు! పాఠకుడు నవ్వుతాడు, నవ్వాక తను వాళ్లకన్నా తెలివైనవాడినన్న తృప్తి మిగులుతుంది. చివర ఏమైందో ముందే తెలిసిన కథలో ఈ తృప్తి ఒక జబ్బులాంటిది, ప్రతి పేజీకీ పాకుతుంది. నిజానికి ఆ సామానులో చాలా భాగం ఎడారి మొహమే చూడలేదు. దారిలో కొంత అమ్మేశారు, కొంత వదిలేశారు. యాత్ర చెడింది బల్ల వల్ల కాదు. బల్లను వదిలించుకున్నాక మిగిలిన అసలు సరుకును ముందుకు చేర్చే ఏర్పాటు ఎవరి బాధ్యతో తేల్చకపోవడం వల్ల.

ఈ ఏర్పాటు సంగతి అక్టోబరులో డార్లింగ్ నది మీదున్న మెనిండీ దగ్గర మొదలవుతుంది. ఒంటెల బాధ్యుడు, ఉపనాయకుడు అయిన జార్జ్ లాండెల్స్ బర్క్‌తో గొడవపడి రాజీనామా చేశాడు. అతని స్థానంలోకి ఇరవయ్యారేళ్ల సర్వేయర్ విలియం విల్స్ వచ్చాడు. స్టూవర్ట్ ముందుగా చేరుకుంటాడేమోనన్న తొందరలో బర్క్ దండును రెండుగా చీల్చి, కొద్దిమందితో కూపర్స్ క్రీక్ వైపు సాగాడు. దారి చూపడానికి వచ్చిన విలియం రైట్‌ను నడుమనుంచి వెనక్కి పంపాడు. మెనిండీలో మిగిలిన మనుషులనూ తిండినీ వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపాడు. రైట్ స్థానిక పశువుల క్షేత్రం నడిపిన మనిషి, చదువు అంతంతమాత్రం. నవంబరు మొదటి వారంలో మెనిండీ చేరాడు. అక్కడినుంచి మళ్లీ కదిలింది 1861 జనవరి 26న.

పన్నెండు వారాలు. ఈ పన్నెండు వారాల్లో ఏం జరిగింది? కథగా చూస్తే ఏమీ జరగలేదు. తన నియామకాన్ని కమిటీ ఖాయం చేస్తుందో లేదో రైట్‌కు తెలియదు. బరువులు మోసే పశువులు చాలవు, కొనాలంటే డబ్బు కావాలి. కమిటీ ఉన్నది మెల్‌బోర్న్‌లో, ఉత్తరం చేరాలంటే రోజులు పడుతుంది. ఆ ఉత్తరం రాయడానికే అతను డిసెంబరు మూడో వారం దాకా ఆగాడు. జీతం వస్తుందన్న భరోసా లేకుండా కదలని మనిషి, సెలవుల ముందు సమావేశం పెట్టుకునే కమిటీ, నోటిమాటగా అందిన ఆజ్ఞ. ఏ తాలూకా కచేరీలోనైనా రోజూ జరిగేదే. ఇందులో చీకట్లో వెలిగే చెట్టు లేదు, అరుపు లేదు. అందుకే కథనాల్లో ఈ కాలానికి అరపేజీ మించి చోటు దొరకదు. కానీ కూపర్స్ క్రీక్ దగ్గర బ్రాహె కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది ఈ రైట్ కోసమే. డిసెంబరులో కాకపోయినా ఫిబ్రవరిలోనైనా తాజా తిండితో రైట్ వచ్చి ఉంటే ఏప్రిల్ 21న వెళ్లిపోవాల్సిన అవసరమే బ్రాహెకు ఉండేది కాదు. తొమ్మిది గంటల తేడా పుట్టింది ఈ పన్నెండు వారాల్లోంచి.

ఒక్క మినహాయింపు ఉంది, అదీ కథనాల్లో మూలన పడిపోయింది. నవంబరులోనే లయన్స్ అనే పోలీసు, మెక్‌ఫర్సన్ అనే జీనులు కుట్టే పనివాడు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఉత్తరాలు పట్టుకుని బర్క్ వెనకే వెళ్లి, దారి తప్పి, గుర్రాలు పోగొట్టుకుని చావు అంచులకు చేరారు. వాళ్లకు తోడు వెళ్లిన స్థానికుడు, తెల్లవాళ్లు డిక్ అని పిలిచినవాడు, వాళ్లను అక్కడి జనం దగ్గర ఉంచి, ఎండిన నేల మీద ఒంటరిగా నడిచి మెనిండీకి కబురు చేర్చాడు. దండులో చిత్రకారుడుగా ఉన్న లుడ్విగ్ బెకర్ డిక్ రూపాన్ని గీశాడు. ఈ యాత్ర మొత్తంలో అనుకున్న కబురును అనుకున్న చోటికి సకాలంలో చేర్చినవాడు దాదాపుగా ఇతనొక్కడే.

విఫలయాత్ర రాయడంలో రెండో కష్టం, చివర తెలిసిన జ్ఞానాన్ని మొదటి పేజీల నుంచి బయట ఉంచడం. దీనికి అన్నిటికన్నా పనికొచ్చే పనిముట్టు ఒక పట్టీ: ఏ తేదీన ఎవరికి ఏమి తెలుసు, ఏమి తెలియదు. ఆ పట్టీ వేసుకుంటే తొమ్మిది గంటల ఘట్టమే వేరే రూపంలో కనిపిస్తుంది. బ్రాహె సీసాలో పెట్టిన చీటీలో, తమ దగ్గర ఆరు ఒంటెలు, పన్నెండు గుర్రాలు మంచి స్థితిలో ఉన్నాయని రాశాడు. ఒక ఉద్యోగి పైఅధికారికి ఇచ్చే లెక్క అది. అంతకు మించి ఆ మాట రాసేటప్పుడు అతను ఏమీ అనుకుని ఉండడు. బర్క్ చదివింది మరోలా. వాళ్ల పశువులు బలంగా ఉన్నాయి, తమ రెండు ఒంటెలూ కాళ్లీడ్చుకుంటున్నాయి, ఇక అందుకోవడం కల్ల. నిజానికి ఆ రాత్రి బ్రాహె మకాం వేసింది 14 మైళ్ల దూరంలో. గుర్రం మీద నుంచి పడి కాలు దెబ్బతిన్న పాటన్ అనే మనిషిని మోసుకుంటూ వాళ్లు నెమ్మదిగా పోతున్నారు. పాటన్ గాయం సంగతి కూడా చీటీలో ఉంది. ఒకే కాగితంలో రెండు వాక్యాలు. అలిసిపోయిన మనిషి కన్ను వాటిలో ఒకదాని దగ్గరే ఆగింది.

మెనిండీ వైపు కాకుండా వాగు వెంట దిగువకు, దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ హోప్‌లెస్ దగ్గరున్న పశువుల క్షేత్రానికి పోదామని బర్క్ నిర్ణయించాడు. విల్స్‌కూ, మూడో మనిషి జాన్ కింగ్‌కూ అది నచ్చలేదు. ఆ దారి 150 మైళ్లే, డార్లింగ్ కన్నా చాలా దగ్గర. పటంలో చూస్తే తప్పనిపించని నిర్ణయం. మౌంట్ హోప్‌లెస్ అంటే ఆశలేని కొండ అని అర్థం కదా అని ఇక్కడ చమత్కరించని రచయిత లేడు. ఈ ఒక్క చమత్కారాన్ని నిషేధించినా ఈ యాత్ర మీద వచ్చే పుస్తకాలు సగం బాగుపడతాయి.

అసలు దగ్గరగా చూడవలసింది ఆ తర్వాత జరిగిన చిన్న పని. బయల్దేరే ముందు వాళ్లు తమ ఉత్తరాన్ని అదే గోతిలో పెట్టి పూడ్చారు. అక్కడి జనం తవ్వి తీస్తారేమోనన్న భయంతో మట్టిని మునుపటిలా సర్ది, పైన పేడ చల్లి, దంతెతో చదును చేశారు. చెట్టు మీది అక్షరాలను మార్చలేదు, కొత్తగా ఒక్క గీత కూడా గీయలేదు. మే 8న బ్రాహె, రైట్ ఇద్దరూ గుర్రాల మీద మళ్లీ ఆ చోటికి వచ్చారు. చెట్టు అలాగే ఉంది, నేల అలాగే ఉంది. కాలిన బూడిదలు, జాడలు కనిపించినా స్థానికులవే అనుకున్నారు. పావుగంటసేపు చూసి, తవ్వకుండానే తిరిగిపోయారు. ఆ రోజున బర్క్ వాళ్లు అదే వాగు వెంట ఎంతో దూరంలో లేరు. దంతెను చెట్టుకు చేరేసి పెట్టామని, అది చూసైనా అర్థం చేసుకోవాల్సిందని కింగ్ తర్వాత విచారణలో చెప్పాడు. మే 30న విల్స్ ఒక్కడూ విడిదికి తిరిగివచ్చి తన దినచర్య పుస్తకాలను గోతిలో పెట్టాడు. అతనికి కూడా ఎవరైనా వచ్చివెళ్లిన ఆనవాలు కనిపించలేదు.

ఏప్రిల్ 21న జరిగింది దురదృష్టమే అనుకుందాం. మే 8 సంగతేమిటి? దాచినదాన్ని అంత చక్కగా దాచిన చేతులూ, కనిపించనిదాన్ని వెతకని కళ్లూ కలిసి చేసిన పని అది. ఆ చేతులు దాచింది ఎవరి నుంచి? తమను మరికొద్ది రోజుల్లో బతికించబోయే మనుషుల నుంచి. చరిత్రకారుడికి ఈ దంతె ఆ చెట్టుకన్నా విలువైన ఆధారం.

కాగితాల విషయానికి వస్తే బర్క్ దాదాపు ఏమీ రాయలేదు. ఒక చిన్న నోటుపుస్తకంలో కొన్ని పంక్తులు. అందులో మార్చి 28 నాటి మాట ఒకటి: సముద్రాన్ని చేరామని చెప్పడం బాగానే ఉంటుంది గానీ ఎంత ప్రయత్నించినా విశాల సముద్రం కంటపడలేదు. ఫిబ్రవరిలో అతనూ విల్స్ కార్పెంటారియా సింధుశాఖ దగ్గర మడ అడవుల బురదలో ఆగిపోయారు. ఆటుపోట్లకు పొంగే ఉప్పునీళ్లు చూశారు, అలలను మాత్రం చూడలేదు. నాయకుడి కలం నుంచి వచ్చిన ఆ ఒక్క నిజాయితీ వాక్యం చదివాక, బర్క్‌ను కేవలం మొండివాడిగానో మూర్ఖుడిగానో తేల్చేయడం కుదరదు.

విల్స్ పద్ధతిగా రాశాడు. మెల్‌బోర్న్ వేధశాలలో పనిచేసినవాడు, కొలతలంటే ప్రాణం. కానీ అతని పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడానికి లేదు. తిరుగు ప్రయాణంలో గ్రే దొంగచాటుగా పిండి తింటూ పట్టుబడ్డాడు. బర్క్ అతన్ని బాగా చితకబాదాడని విల్స్ రాశాడు. విచారణలో కింగ్ మాత్రం అరచేత్తో కొట్టిన కొన్ని దెబ్బలే అన్నాడు. చనిపోయిన నాయకుడి పరువు కాపాడాలన్న తాపత్రయం కింగ్‌ది కావచ్చు. చచ్చేంత జబ్బుతో ఉన్న మనిషిని నాటకం ఆడుతున్నాడని తామంతా అనుమానించామన్న బాధ కూడా కావచ్చు. పాఠకుడికి రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూపాలి. రెండింటినీ కలిపి సగటు తీసి 'బర్క్ అతన్ని కొట్టాడు' అని రాసేస్తే వాక్యం సాఫీగా సాగుతుంది, సాక్ష్యం మాత్రం చచ్చిపోతుంది.

కింగ్ బతికి బయటపడ్డ ఒకే ఒక్కడు కాబట్టి చివరి వారాల కథంతా అతని నోటిమాటే. బ్రాహెకు బర్క్ ఇచ్చిన ఆజ్ఞ కాగితం మీద లేదు. మూడు నెలలు ఆగమన్నాడా, తిండి ఉన్నంతవరకు ఆగమన్నాడా? విల్స్ విడిగా నాలుగు నెలలు ఆగమని అడిగాడా? 1861 చివర్లో మెల్‌బోర్న్‌లో కూర్చున్న విచారణ సంఘం ముందు ప్రతి ఒక్కరూ తన మెడ కాపాడుకుంటూ జవాబిచ్చారు. సంఘం రైట్‌ను గట్టిగా తప్పుపట్టింది, బర్క్‌కు వివేకం కన్నా ఉత్సాహం ఎక్కువైందంది, బ్రాహెను, కమిటీని కొంచెం మందలించింది. ఆ సాక్ష్యాల పుట గొప్ప గని. అయితే అది నేరం ఎవరిదో తేల్చడానికి తయారైన కాగితం, ఏం జరిగిందో చెప్పడానికి కాదు. విల్స్ తండ్రి 1863లో కొడుకు రాతల్ని అచ్చువేసినప్పుడు పేరులోనే అది 'విజయవంతమైన' అన్వేషణ అని చాటుకున్నాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి చేతి మీదుగా వచ్చిన మూలం అది. పాదసూచిక రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక వాగు దగ్గరికి. కూపర్స్ క్రీక్‌ను ఎడారి అని రాస్తే చాలామంది పాఠకులు నమ్ముతారు. అక్కడ ఏడాది పొడవునా నీళ్లుండే మడుగులు, చేపలు, నీటిపిట్టలు ఉన్నాయి. యాండ్రువాండా జనం తరతరాలుగా అక్కడే బతుకుతున్నారు. ముగ్గురు తెల్లవాళ్లు ఆకలితో చనిపోతున్న ఆ వారాల్లో వాళ్లకు చేపలూ, నార్దూ రొట్టెలూ పెట్టింది ఆ జనమే. నార్దూ ఒక నీటి ఫెర్ను. వరి మళ్లలోనూ చెరువు అంచుల్లోనూ నాలుగు ఆకులతో కనిపించే కలుపుమొక్క దీనికి దగ్గరి చుట్టం. దాని గట్టి కాయల్లో విటమిన్ బీ1ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. స్థానికులు వాటిని వేయించి, నీళ్లు పోస్తూ నూరి తినేవారు. తెల్లవాళ్లు ఆ పద్ధతి పూర్తిగా నేర్చుకోలేదు. కడుపు నిండా తింటూనే ఒళ్లు చిక్కిపోయింది. వాళ్లను చంపినది బెరిబెరి అని 1994లో ఇద్దరు పరిశోధకులు వాదించారు. విల్స్ చివరి రాతల్లో నాడి 48 అని, కాళ్లూ చేతులూ ఎముకలగూడు అయ్యాయని ఉంది. నార్దూ తింటూ ఆకలితో చావడం అంత బాధగా ఏమీ లేదు, నీరసం తప్ప, అని కూడా రాశాడు. తన చావును కూడా వాతావరణ కొలతలా నమోదు చేసుకున్న మనిషి.

బర్క్ వైఖరి వేరు. ఎవరో తమ వస్తువు ఒకటి పట్టుకుపోయారని తుపాకీ పేల్చాడు, స్థానికులు తెచ్చిన చేపల్ని తోసేయించాడు. అతిథులు అడుక్కునేవాళ్లుగా మారడం అతనికి మింగుడుపడలేదు. జూన్ చివర, విల్స్ ఒంటరిగా చనిపోయిన రోజుల్లోనే, చేతిలో పిస్తోలు పెట్టి పాతిపెట్టకుండా వదిలేయమని కింగ్‌కు చెప్పి అతనూ చనిపోయాడు.

ఆ తర్వాత కింగ్ ఒక్కడు. యాండ్రువాండా జనం దగ్గరికి వెళ్లి చేరాడు, కాకుల్ని కాల్చి పంచాడు. ఒకసారి కారవా అనే స్త్రీ, చెయ్యి పుండుపడింది గానీ లేకపోతే ఇంకా నార్దూ పెట్టేదాన్ని అంది. కింగ్ నీళ్లు కాచి పుండు కడిగి, తన దగ్గరున్న సిల్వర్ నైట్రేట్ అద్దాడు. మంటకు ఆమె అరుస్తూ పరుగెత్తింది. ఆ రోజునుంచి ఆమె, ఆమె భర్త పొద్దునా సాయంత్రం కింగ్‌కు తిండి పెట్టారు. రెండు నెలలకు పైగా ఇలా గడిచాక సెప్టెంబరు 15న, వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హోవిట్ దండు అతన్ని కనిపెట్టింది. యాత్ర మొత్తంలో సమానులుగా జరిగిన ఇచ్చిపుచ్చుకోలు ఈ ఒక్కటే కావచ్చు. దీనికి మిగిలిన ఆధారమూ కింగ్ చెప్పిన నాలుగు వాక్యాలే. ఆ జనానికి కృతజ్ఞతగా మెల్‌బోర్న్ కమిటీ ఇత్తడి రొమ్ముపలకలు చేయించి పంపింది. బర్క్, విల్స్, కింగ్‌ల పట్ల చూపిన మానవత్వానికి అని వాటి మీద చెక్కించింది. పేర్లు ఎవరివో చూడండి. అందుకున్నవాళ్ల పేర్లు కావు.

1865లో మెల్‌బోర్న్‌లో నిలిపిన విగ్రహంలో బర్క్ నిలబడి ఉన్నాడు, విల్స్ కూర్చుని ఉన్నాడు. కింగ్ లేడు, గ్రే లేడు. ఒంటెల్ని నడిపినవాళ్ల ఊసు సరేసరి. లాండెల్స్ కరాచీ రేవు నుంచి 24 ఒంటెల్ని తెచ్చినప్పుడు వాటితోపాటు వచ్చిన సిపాయిల్లో నలుగురు ఈ దండుతో బయల్దేరారు. వాళ్లలో సామ్లా హిందువు. దండులో పెట్టే మాంసం తినలేక, రొట్టెతో నీళ్లతో సరిపెట్టుకుని, మొదటి రోజుల్లోనే సెలవు తీసుకున్నాడు. దోస్త్ మొహమ్మద్ బ్రాహెతోపాటు ఆ చెట్టు కింద నాలుగు నెలలూ కాపలా ఉన్నాడు. ఆ మరుసటి ఏడాది ఒంటె కరిచి ఒక చెయ్యి పనికిరాకుండా పోయింది, పరిహారం కోసం ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అతని సమాధి మెనిండీ దగ్గర ఉంది. కింగ్ కూడా అటునుంచి వచ్చినవాడే. ఐర్లండ్ నుంచి బ్రిటిష్ సైనికుడిగా పెషావరు దాకా వచ్చి, అక్కడినుంచి ఈ ఒంటెల వెంట పోయాడు. చివరిదాకా మిగిలిన రెండు ఒంటెల్లో ఒకదాని పేరు రాజా.

తెలుగు నేలకూ ఇలాంటి కథ ఒకటుంది. 1819లో నిజాం రాజ్యంలో, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో, జార్జ్ ఎవరెస్ట్ త్రికోణమితి సర్వే చేస్తుండగా వానాకాలపు జ్వరాలు దండు మొత్తాన్నీ పడగొట్టాయి. ఎవరెస్ట్‌ను హైదరాబాదుకు మోసుకువచ్చారు. కోలుకోవడానికి అతను ఆఫ్రికా కొసకు ఓడెక్కి పోయాడు. వెంట ఉన్న మనుషుల్లో పలువురు హైదరాబాదు చేరకుండానే దారిలో చనిపోయారు. ఎవరెస్ట్ పేరు శిఖరానికి ఎక్కింది. చనిపోయినవాళ్లు నివేదికలో ఒక అంకె.

ఈ తరహా చరిత్రను తెలుగులో రాయబోతే ఇంగ్లీషు రచయితకు ఎదురుకాని చిక్కు ఒకటి వస్తుంది. క్రియ దగ్గరే మర్యాద తేల్చుకోవాలి. బర్క్ వెళ్లాడా, వెళ్లారా? కారవా పెట్టిందా, పెట్టారా? 'కాటన్ దొర ఆనకట్ట కట్టించారు, కూలీలు రాళ్లు మోశారు' అన్న వాక్యంలో రెండు బహువచనాలున్నాయి. కూలీలకు వాడింది లెక్క కోసం, దొరకు వాడింది గౌరవం కోసం. ఈ వ్యాసంలో అందరికీ ఏకవచనమే పడింది, నాయకుడికైనా ఒంటెలు తోలేవాడికైనా. మరో రచయిత అందరికీ 'రు' పెట్టవచ్చు; అదీ మంచి పద్ధతే. కొందరికి ఒకటి, కొందరికి ఇంకొకటి పెట్టినప్పుడే రచయితకు తెలియకుండా తీర్పు వెలువడిపోతుంది. 'కనుగొన్నాడు' అనే క్రియ కూడా ఇలాంటిదే. వాగును బర్క్ కనుగొనలేదు. అతనికి పదిహేనేళ్ల ముందే మరో తెల్లవాడు దానికి పేరు పెట్టాడు. ఆ తెల్లవాడి కన్నా ఎన్నో వేల ఏళ్ల ముందునుంచీ దాని ప్రతి మడుగుకూ ఒక పేరుంది. 'చేరాడు' అంటే సరిపోతుంది, పైగా అదే నిజం.

తొమ్మిది గంటల ఘట్టాన్ని రాయకూడదని కాదు. రాయాలి, బాగా రాయాలి. కానీ దానికన్నా ముందు రైట్ పన్నెండు వారాలను కూడా పాఠకుడు కదలకుండా చదివేలా రాయగలగాలి. అందుకు సరుకు లేకపోలేదు. బెకర్ ఉన్నాడు. యాభై దాటిన జర్మన్ చిత్రకారుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. బర్క్‌కు అతను బరువనిపించాడు. నడవమన్నాడు, ఒంటెలకు బస్తాలెత్తమన్నాడు. బొమ్మలు పని అయ్యాక, సొంత సమయంలో వేసుకోవాలి. ఆ సొంత సమయంలో బెకర్ వేసిన బల్లులు, ఎండమావులు, ఉల్కలు, మనుషుల ముఖాలు మెల్‌బోర్న్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి. చివరికి జనవరిలో రైట్ దండుతో అతనూ కదిలాడు. నీళ్లు దొరకక, దారి తెలియక, నడివేసవిలో కొంచెం కొంచెంగా జరిగారు. ఒక మకాంలో ఎలుకలు ఎంతగా ముసిరాయంటే ఆ చోటికే 'ఎలుకల కొస' అని పేరు పెట్టుకున్నారు. తాజా కూరలూ పళ్లూ లేక వచ్చే స్కర్వీ జబ్బు, విరేచనాలు మొదలయ్యాయి. బుల్లూ మడుగు దగ్గర అక్కడి జనం వచ్చి, ఇది మా నీళ్లు, లేచి పొమ్మని సైగలతో చెప్పారు. లేవలేని మనుషులు నలుగురున్నారు కాబట్టి దండు లేవలేదు. చివరికి తుపాకులు పేలాయి.

బర్క్ ఆ చెట్టు కింద గొయ్యి తవ్విన మరునాడు, ఏప్రిల్ 22న, బుల్లూ దగ్గర చార్లెస్ స్టోన్ చనిపోయాడు. 23న విలియం పర్సెల్. బెకర్ అప్పటికి బొమ్మలు ఆపేశాడు; 29న పోయాడు. కూపర్స్ క్రీక్ నుంచి వస్తున్న బ్రాహె మనుషులకు రైట్ విడిది తగిలింది ఆ రోజుల్లోనే. తమకు తిండి తేవలసిన దండు అదేనని వాళ్లకు మొదట అర్థం కాలేదేమో. అక్కడ తవ్వుతున్నవి సమాధులు.